నేరేడుకు జమానత్

గద్వాల,
3 ఫిబ్రవరి 2025, సోమవారం

తమ్ముడు మద్దిలేటికి అక్క అమృతమ్మ ఆశీస్సులు.

మేమంతా క్షేమం. మరదలు పద్మ మోకాలి నొప్పి తగ్గిందా?

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. నా ఇంటి మాట లింగాల బస్టాండు దాకా వినబడుతుంది. పైగా ఫోనులో నాకు వంతు రాదు. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు.

మొన్న గురువారం పొద్దు సంగతి రాస్తాను. అన్ని పొద్దుల్లాంటి పొద్దే. చీకటి ఉండగానే లేచాను. తలుపు తీస్తే వాకిలి నిండా నేరేడు ఆకులు. ఈ కాలంలో అది పాత ఆకు రాలుస్తుంది. ఊడ్చి, కుప్ప చేసి, దాని మొదట్లోనే పరిచాను. సాన్పి చల్లి ముగ్గు వేశాను. స్నానం చేసి దీపం పెట్టి నామం చదువుకుంటుంటే సగంలో మీ బావ దగ్గాడు. ఆయన చాయ్ అడగడు, దగ్గుతాడు. నేను నామం ఆపలేదు. ఇంకోసారి దగ్గాడు. పూర్తి చేసే లేచాను.

చాయ్ అయ్యాక చెట్ల పని. బియ్యం కడిగిన నీళ్లు జామకు. పప్పు కడిగినవి కరివేపాకుకు. కూరగాయలు కడిగినవి మందారాలకు. నేరేడు పెద్దది కనుక దానికి బోరు నీళ్లు. పూజకు మందారాలు కోస్తుండగా గేటు బయట హారను మోగింది. మా శేఖర్.

వాడు కారు కొని నెల దాటింది. అది ఇంకా ఇంట్లోకి రాలేదు. గేటు దాటగానే నువ్వు నాటిన నేరేడు ఉంది. రోజూ పొద్దున వాడు కారు ముక్కు ఒకసారి గేటులో పెట్టి చూస్తాడు, రాత్రికి రాత్రి చెట్టు ఏమైనా జరిగిందేమోనని. జరగదు. వెనక్కి తీసుకొని పత్తి విత్తనాల చేన్లు చూడటానికి పోతాడు. కంపెనీ కొలువు, తిరుగుడు ఎక్కువ.

ఆ రోజు మాత్రం కారు వెనక మోటారుసైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. రేకుల షెడ్లు వేస్తాడట. టేపు తీసి కొలిచాడు. చెట్టును కొలవలేదు. చెట్టు లేనట్టే, అది ఉన్న జాగను కొలిచాడు.

కోడలు అర్చన పాఠాలు చెప్పడానికి బడికి పోయే హడావిడిలో ఉండి అంతా చూసింది. కారు తెల్లది కనుక ఆకు పడితే మరక, పిట్ట వాలితే మరక అని ఆ పిల్లకూ విసుగే. ఏమీ అనలేదు. శేఖర్ దాన్ని ఒప్పుకోవడంగా లెక్కగట్టాడు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వు మాటిచ్చినవు. యాదికుంది గదా," అన్నాడు.

గుర్తుంది. పోయిన దసరాకు, వాడు కారు కొనే మాట ఎత్తినప్పుడు, దీపం ముందర చెప్పాను. మృగశిర కార్తె వెళ్లేలోపు నేరేడు కాయకపోతే దాన్ని ఏం చేస్తావో నీ ఇష్టమన్నాను. కాస్తుందనే ధైర్యంతో అన్నాను. నాటిన రోజు నువ్వు అయిదేండ్లకు కాస్తదన్నావు. ఎనిమిదేండ్లయింది.

నా సంగతి నీకు తెలుసు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. చెట్టును పోగొట్టుకోవడమూ ఇష్టం లేదు. రెండూ నిలిచే దారి ఉంటే రాయి. చెట్లు పెంచేవాడివి నువ్వు. మాటలు చెప్పేవాడివి కూడా.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

అక్క

*

లింగాల,
8 ఫిబ్రవరి

అక్కకు, బావకు తమ్ముడు మద్దిలేటి శనార్థులు.

నీ ఉత్తరం అందింది. పద్మ మోకాలు బాగనే ఉన్నది, కోపమొస్తే ఉరుకుతుంది. స్పీకరు పెట్టేది నా కోసం కాదక్కా, ఆమె కోసం. ఆమె వినకపోతే ఫోను పెట్టేసినంక అంతా మల్ల చెప్పమంటది. చెప్తే నమ్మదు.

ఇగ నేరేడు సంగతి. అది మా అడివి అంచున పుట్టిన జాతి. బస్సుల నా ఒళ్లో కూసోబెట్టుకొని తెచ్చిన. దాన్ని నువ్వేం చేసినవు? పండుగకు బొట్టు పెడితివి, బెల్లం పెడితివి, ఎండ తగిలితే చీర కప్పితివి. పెద్దింటి బిడ్డ లెక్క పెంచినవు. దానికి భయం ఏడున్నది? భయం లేని చెట్టు ఎందుకు కాస్తది?

మన నాయిన చింతచెట్టును బెదిరించింది యాదికుందా? ఆదివారం పొద్దున గొడ్డలి భుజాన పెట్టుకొని చెట్టు కాడికి పోయిండు. కాయని దానివి నీకు జాగ ఎందుకు, కొట్టేస్త అన్నడు. మన అమ్మ అడ్డం పడ్డది. ఈ ఒక్క పాలికి ఇడువుండ్రి, వచ్చే పంటకు కాస్తది, నాది జమానత్ అని పూచీ పడ్డది. నాయిన గొడ్డలి దించిండు. ఆ యేడు కొమ్మలు వంగినయి. నువ్వు అప్పుడు పెద్దదానివి, నేను చిన్నోన్ని, అయినా నాకే యాదికుంది చూడు.

పద్ధతి చెప్త. ఇద్దరు కావాలె. ఒకరు గొడ్డలి పట్టాలె, ఒకరు జమానత్ పడాలె. నవ్వొద్దు. నవ్వితే చెట్టుకు తెలుస్తది. జమానత్ పడ్డోళ్ల మాట గొడ్డలి పట్టినోళ్లు తీసేయొద్దు, అది కట్టుబాటు. గొడ్డలి నువ్వే పట్టాలె. బావ పడితే చెట్టే నవ్వుతది. బావ జమానత్ ఉంటడు, ఆయనకు బతిమాలుడు అలవాటే.

పూతకు ముందే చెయ్యాలె. ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు,
మద్దిలేటి

*

గద్వాల,
12 ఫిబ్రవరి

తమ్ముడికి ఆశీస్సులు.

చదివాను. రెండు రోజులు ఆలోచించాను. దేవుని ముందర కూర్చున్నాను.

ఉత్తుత్తి బెదిరింపైతే చెట్టుకు అబద్ధం చెప్పినట్టు. నిజం బెదిరింపైతే పలకడానికి నాకు నోరు రాదు. పొద్దున్నే నీళ్లు పోసే చేతితో గొడ్డలి ఎట్లా పట్టను? నాయిన పట్టాడంటే, ఆయన దేని మీదైనా అరిచేవాడు. చెట్టు మీద అరిస్తే మనకు ఆ పూట తీరిక దొరికేది.

ఇంకొక సంగతి. ఈ ఇంట్లో గొడ్డలి లేదు. పట్నంలో ఉన్నాము. మీ బావ కూరగాయల కత్తి చాలదా అని అడిగాడు. జమానత్ ఉంటావా అంటే, "నీ ఇష్టం," అన్నాడు. ఆయన అన్నింటికీ ఇచ్చే జవాబు అదే కనుక ఒప్పుకున్నట్టు అనుకుంటున్నాను.

ఇంకేదైనా మందు ఉంటే రాయి. పెంట వేయడం, మొదలు తవ్వడం, అట్లాంటివి.

అమృతమ్మ

*

లింగాల,
16 ఫిబ్రవరి

అక్కకు శనార్థులు.

పెంట అన్ని చెట్లకు ఏస్తరు. నీ చెట్టుకు ఆకలి లేదు, భయం లేదు.

అబద్ధమంటవు. ఎట్ల అబద్ధం? మృగశిర దాకా కాయకపోతే నీ ఇష్టమని కొడుకుతోని చెప్పినవు. అదే మాట చెట్టుతోని చెప్పుమంటున్న. మనిషికి చెప్పి, పోయేదానికి చెప్పకపోవుడు న్యాయమా? జర నువ్వే ఆలోచించు. ఖబరు లేకుండ గొడ్డలి ఏసుడు పాపం. ఖబరు ఇచ్చుడు ధర్మం.

మా ఊరి భీమయ్య బుధవారం బిడ్డ దగ్గరికి గద్వాల వస్తుండు. గొడ్డలి సంచిల చుట్టి ఇస్తున్న. బస్సుల అందరూ ఆయనకు జాగ ఇస్తరు చూడు.

శివరాత్రి లోపల చెయ్యి. చేసినంక రాయి.

మద్దిలేటి

*

గద్వాల,
24 ఫిబ్రవరి

తమ్ముడికి,

గొడ్డలి అందింది. నిన్న పొద్దున గొడ్డలి పట్టాను. అయిపోయింది.

నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. ఇప్పుడు వివరం రాయలేను. శివరాత్రి ఉపవాసం తర్వాత రాస్తాను.

అక్క

*

లింగాల,
1 మార్చి

అక్కకు,

శనార్థి పెట్టాల్నా వద్దా అని జరసేపు ఆగిన. పెద్దదానివి గనుక పెడుతున్న.

అయిపోయింది అని రాసినవు. ఎనిమిదేండ్ల చెట్టుకు ఒక్క మాట. నాకు నమ్మబుద్ధి గాక శివరాత్రి నాడు అల్లునికి ఫోను చేసిన. "అవును మామా, అమ్మనే గొడ్డలి పట్టింది, బాపు గూడ సరే అన్నడు, షెడ్డాయనకు రమ్మని చెప్పిన," అన్నడు. సంబురంగ చెప్పిండు.

నేను బెదిరించుమంటే నువ్వు కొట్టేసినవు. అది గూడ నా గొడ్డలితోని. భీమయ్యకు బస్సుల సీటు ఇప్పించి మరీ పంపితి. జమానత్ పడేతందుకు బావ ఉన్నడు గదా, ఆయన నోట్ల ఏమున్నది?

కోపంల ఫోను పట్టొద్దని చిన్నప్పటి నుంచి చెప్తవు గదా. అందుకే నీకు చెయ్యలే. వనపర్తికి చేసిన. అర్చన వాళ్ల నాయినకు. గురవయ్య బావా, మీ బిడ్డ తెల్ల కారు మీద ఆకు పడొద్దని మా చెట్టు పానం తీసిండ్రు, మీ వనపర్తిల చెట్లకు గిట్లనే మర్యాద చేస్తరా అని అడిగిన. ఆయన "నేను చూసుకుంట," అని పెట్టేసిండు.

పద్మ ఆ రోజు మురుకులు చేసింది. నేను ముట్టలే. మరునాడు తిన్న.

నీకు ఇగ మొక్కలు పంప. కరివేపాకు గూడ పంప.

మద్దిలేటి

*

గద్వాల,
6 మార్చి

తమ్ముడు మద్దిలేటికి ఆశీస్సులు.

చెట్టు ఉంది. ముందు ఆ మాట చదువు. నీళ్లు తాగు. తర్వాత మిగతాది చదువు.

పొదుపుగా రాసి నిన్ను ఏడిపించాను. ఈసారి విడమరిచి రాస్తాను.

ఆ ఆదివారం పొద్దున దీపం పెట్టి, గొడ్డలికి కూడా బొట్టు పెట్టి, చెట్టు ముందర నిలబడ్డాను. మీ బావ పక్కన నిలబడ్డాడు. ఆయన అనవలసిన మాట రాత్రి మూడుసార్లు చెప్పించాను. సరిగ్గానే చెప్పాడు. నేను చెట్టుతో, "మృగశిర వెళ్లేలోపు కాయకపోతే నిన్ను కొట్టేస్తాం. ముందే చెప్తున్నాను," అన్నాను. గొడ్డలి ఎత్తాను. మీ బావ వైపు చూశాను.

ఆయన నా వైపు చూశాడు. పెండ్లయిన నాటి నుంచి నా మాటకు ఏ జవాబు చెప్తున్నాడో అదే నోటికి వచ్చింది. "నీ ఇష్టం," అన్నాడు.

తమ్ముడూ, నేను గొడ్డలి ఎత్తి అట్లాగే నిలబడ్డాను. అడ్డం పడేవాళ్లు లేకపోతే కొట్టాలి కదా. నువ్వు అది రాయలేదు. చేయి లాగుతున్నది. ఆయన అప్పటికి తన పొరపాటు తెలుసుకొని నోరు తెరిచాడు, కానీ దగ్గు వచ్చింది.

అప్పుడు అర్చన మేడ మెట్ల మీద నుంచి, తడి తలతోనే పరుగెత్తుకొచ్చింది. "ఆగుండ్రి అత్తమ్మా. ఈ ఒక్క పాలికి ఇడువుండ్రి. కాస్తది. నాది జమానత్," అని చెట్టుకూ నాకూ నడుమ నిలబడింది. వాళ్ల నాయినమ్మ వనపర్తిలో ఉసిరిచెట్టుకు ఇట్లాగే జమానత్ పడేదట. ఆ పిల్లకు మాటలన్నీ వచ్చు. నేను గొడ్డలి దించాను. జరిగింది అంతే.

శేఖర్ సంగతి. వాడు అప్పుడే గేటులో కారు ముక్కు పెట్టాడు. గొడ్డలి ఎత్తిన అమ్మను చూశాడు, నాయిన నోట నీ ఇష్టం అనే మాట విన్నాడు. సంతోషపడి కారు వెనక్కి తీసుకొని చేన్లకు పోయాడు, శివరాత్రి దాకా ఇంటికి రాలేదు. వాడు ఏదీ చివరిదాకా ఆగి చూడడు. నీ పోలికే. శివరాత్రి మరునాడు షెడ్డు మనిషి ఇనుప గొట్టాలు తెస్తే, అర్చన గేటు దగ్గరే ఆపి పంపించింది. "నేను జమానత్ ఉన్న చెట్టును నన్నడగకుంట ఎవలు ముడతరు?" అంది. మొన్నటిదాకా ఆకు పడితే విసుక్కున్న పిల్ల. మొగుడూ పెళ్లాం ఒక రోజంతా నా ద్వారా మాట్లాడుకున్నారు. కూరలో ఉప్పు తక్కువైందన్న మాట కూడా నా చేతుల మీదుగానే పోయింది.

అన్నం సహించకపోవడం ఆ కఠినమైన మాట వల్ల. వేరే ఏమీ లేదు.

ఇక నీ నిర్వాకం. నిన్న మధ్యాహ్నం గురవయ్య అన్నయ్య వనపర్తి నుంచి ట్రాలీ ఆటోలో దిగాడు. ఆటో నిండా మొక్కలు. కానుగ, పొగడ, బాదం. ఒక చెట్టు తీసిన ఇంటికి పది మొక్కలు పెట్టాలని, బిడ్డ తరఫున తప్పు కడుతున్నానని చెప్తూ లోపలికి వచ్చాడు. నేరేడు ఎదురుగా నిలబడి ఉంది. ఆయన దాన్ని కిందికీ మీదికీ చూశాడు. కొట్టేశారని విన్నప్పుడు ఎంత కోపం వచ్చిందో తెలియదు కానీ, కొట్టలేదని చూసినప్పుడు మాత్రం చాలా కోపం వచ్చింది. మొక్కలు తిరిగి తీసుకుపోవడానికి మర్యాద అడ్డం వచ్చింది. అన్నీ గేటు పక్కన దించి, మజ్జిగ తాగి, నీ గురించి రెండు మాటలు అని పోయాడు. ఆ మాటలు రాయను.

ఇప్పుడు మా గేటులో కారు కాదు, సైకిలు కూడా పట్టదు.

అన్నయ్యకు నువ్వు ఫోను చేసి క్షమించమని అడుగు. స్పీకరు పెట్టుకొనే అడుగు. పద్మ వినాలి.

నీ అక్క

*

లింగాల,
13 మార్చి

అక్కకు వెయ్యి శనార్థులు.

నీళ్లు తాగిన. రెండు చెంబులు. పద్మకు ఉత్తరం చదివి వినిపిస్తే, నువ్వు చెట్టుకు చెప్పమన్న భయం నీకు ఉంటే బాగుండు అన్నది.

గురవయ్య బావకు ఫోను చేసిన. ముందు నేను తప్పయిందన్న. తర్వాత ఆయన తొందరపడ్డ అన్నడు. తర్వాత ఇద్దరం కలిసి శేఖర్‌ను తిట్టినం. మంచిగ కలిసిపోయినం.

అర్చనకు నా మాట చెప్పు. మన ఇంటి ఆడోళ్లల్ల మన అమ్మ తర్వాత జమానత్ పడ్డది ఆమెనే.

బస్సుల పెంట సంచి ఏస్త. కండక్టర్ వద్దంటే విత్తనాలని చెప్త. అబద్ధం నేను చెప్పొచ్చు గదా?

నీ తమ్ముడు

*

గద్వాల,
20 మే

తమ్ముడికి ఆశీస్సులు. పద్మకు కూడా.

పెంట అందింది. వాసన దానికంటే ముందే అందింది. నువ్వు అబద్ధం చెప్పవలసిన పని పడి ఉండదు.

ఉగాది దాటాక చెట్టు పూసింది. నమ్ముతావా? చిటారు కొమ్మన ముందు, తర్వాత గోడ బయటి కొమ్మలకు. తెల్లగా సన్నగా. తేనెటీగలు వచ్చాయి. అర్చన బడికి పోతూ ఒకసారి, వచ్చి ఒకసారి మెడ ఎత్తి లెక్క చూసుకునేది. శేఖర్ మాత్రం కాస్తే కూడా కష్టమేనని, నేరేడు పండ్లు రాలితే తెల్ల కారు ఊదా కారు అవుతుందని గొణిగాడు. కాయకపోతే కొడతానని, కాస్తే కారు పాడవుతుందని. చెట్టు ఏం చేయాలో వాడే చెప్పాలి.

ఈ నెల మొదట్లో గాలిదుమారం వచ్చింది. ఒక్క రాత్రిలో పూతా పిందే మొత్తం రాలింది. పొద్దున ఊడ్చాను. ఎంత ఊడ్చానో రాయను. అర్చన వచ్చి చీపురు తీసుకుంది.

ఎండలు ఎట్లా ఉన్నాయో నీకు తెలుసు. ఇక్కడ ఒక వింత జరుగుతున్నది. గోడ మీంచి వీధిలోకి వంగిన నేరేడు కొమ్మల కింద మంచి నీడ పడుతుంది. మా వీధిలో ఇంకెక్కడా నీడ లేదు. శేఖర్ కారు అక్కడ పెట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం తలుపు తీస్తే లోపల చల్లగా ఉంటుందని వాడే చెప్పాడు, చెట్టును మెచ్చుకుంటున్నానని తెలియకుండా. ఎదురింటి కృష్ణయ్య దాన్ని గమనించాడు. ఆయనకు పాత జీపు ఉంది. శేఖర్ చేన్లకు పోగానే జీపు నీడలోకి వస్తుంది. శేఖర్ వచ్చేసరికి జాగ ఉండదు. అప్పటి నుంచి శేఖర్ మధ్యాహ్నం అన్నానికి తొందరగా వస్తున్నాడు. కృష్ణయ్య ఇంకా తొందరగా జీపు తెస్తున్నాడు. నిన్న ఇద్దరూ ఒకేసారి వచ్చారు.

నేను వంటింట్లో ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది. శేఖర్ గొంతు వినబడింది. "కృష్ణయ్య మామా, నువ్వు పెద్దోనివి, కానీ గీ చెట్టు మాది. మా అమ్మ నీళ్లు పోసి పెంచింది. దీని నీడ మాకు గాక ఎవలకు?"

కృష్ణయ్య కూడా తక్కువ తినలేదు. "కొట్టేస్తనన్న చెట్టుకు అప్పుడే పట్టా అయిందా అల్లుడా?" అన్నాడు.

శేఖర్ లోపలికి వచ్చి అన్నం తిన్నాడు. నేను విన్నానని చెప్పలేదు. మజ్జిగ ఇంకొంచెం పోశాను.

అయినా నీడ వేరు, మాట వేరు. నేను కాయ గురించి మాట ఇచ్చాను. మృగశిర దగ్గరికి వస్తున్నది. కొమ్మల్లో ఒక్క పిందె లేదు. మృగశిర వెళ్లిన రోజున వాడు అడగకపోయినా నేను గొడ్డలి వాడి ముందర పెట్టవలసిందే. దేవుని మీద భారం వేశాను.

అమృతమ్మ

*

లింగాల,
10 జూన్

అక్కకు శనార్థులు.

దేవుని మీద భారం ఏసినవు, మంచిదే. జర నా మీద గూడ వెయ్యి.

మా దిక్కు అడివిల నేరేడు మస్తు కాసింది. ఒక బుట్టెడు గుత్తులతోని కోయించిన. బస్సుల వస్తున్నయి. దారం ఉండ గూడ పెట్టిన. రాత్రిపూట కొమ్మలకు కట్టుండ్రి. కింది కొమ్మలకు వద్దు, అనుమానమొస్తది. పొద్దున అల్లుడు చూస్తడు, కాసిందంటడు, కథ అయిపోతది. పత్తి చేన్లు చూసేటోనికి నేరేడు కాడ దారం ఏం కనపడుతది?

ఇది అబద్ధం కాదక్కా. నువ్వు నోరు తెరవనే తెరవవు. కాయలు కాయలే. కొమ్మలు కొమ్మలే. నడుమ దారమే గదా.

కాదనకు.

నీ తమ్ముడు

*

గద్వాల,
23 జూన్, సోమవారం

తమ్ముడు మద్దిలేటికి అక్క ఆశీస్సులు.

నేరేడు బుట్ట అందింది. కొమ్మలకు కట్టలేదు. దేవునికి పెట్టి వీధిలో పంచాను. అందరి నాలుకలూ ఊదా రంగు అయ్యాయి. మీ చెట్టు కాయలా అని అడిగినవారికి కావు, నా తమ్ముడివి అని చెప్పాను. దారం ఉండ బాగుంది. మందారాలకు, మల్లెలకు వాడుతున్నాను.

మొన్నటితో మృగశిర వెళ్లింది. చెట్టు కాయలేదు.

నిన్న ఆదివారం సాయంత్రం అందరినీ కూర్చోమన్నాను. గురవయ్య అన్నయ్య కూడా వచ్చాడు. ఆయన మొక్కలు ఇంకా గేటు పక్కనే సంచుల్లో ఉన్నాయి కనుక చూసి పోదామని వచ్చాడు. వాకిట్లో చాప వేశాను. దీపం పెట్టాను. గొడ్డలి తెచ్చి శేఖర్ ముందర పెట్టాను.

కాయలేదురా, దసరా నాడు నీ ఇష్టమన్నాను, ఇది నీ ఇష్టమని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్తే ఏడుపు వచ్చేటట్టు ఉంది.

వాడు గొడ్డలి వైపు చూడలేదు. గేటు వైపు చూశాడు. అర్చన వాడికెదురుగా కూర్చుంది. చెట్టును అడగడం అయిపోయింది, ఇక జమానత్ పడిన తనను అడగాలంది. అడగమని శేఖర్‌తో అనలేదు, వాళ్ల నాయినతో అంది. అన్నయ్య గొంతు సవరించుకొని, జమానత్ పడ్డవాళ్లు గాలిదుమారానికి బాధ్యులు కారని, వనపర్తిలో అట్లాగే లెక్క అని చెప్పాడు. ఆ కట్టుబాటు నేను ఎన్నడూ వినలేదు. అయినా ఊరుకున్నాను.

మీ బావ చాయ్ కావాలన్నట్టు దగ్గాడు. ఎవరూ లేవలేదు.

అప్పుడు శేఖర్ అన్నాడు. "వీధిల అందరు వినంగ గీ చెట్టు మాది అన్న. గిప్పుడు గొడ్డలి పడితే కృష్ణయ్య మామకు మొఖం ఎట్ల చూపియ్యాలె?"

అర్చన నవ్వింది. అన్నయ్య నవ్వాడు. నేను నవ్వలేదు. వీధికి భయపడి మాట వదులుకుంటే అది నా మాట తీరినట్టు కాదు. వాడికి అది తెలిసినట్టుంది. లేచి వచ్చి నా ముందర కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు నాకిచ్చిన మాటను నేను నీకే ఇస్తున్న. నువ్వు తప్పలే. నేనే ఇస్తున్న. తీసుకో," అని రెండు చేతులు చాపాడు, ప్రసాదం పెట్టేటట్టు.

తీసుకున్నాను. వెనక్కి తీసుకోవడం రాదని నీకు రాశాను. చేతిలో పెట్టినదాన్ని అందుకోవడం కష్టం కాలేదు.

ఆ తర్వాత తీర్మానాలు. చెట్టు ఉంటుంది. కాసినా కాయకపోయినా ఇక దాన్ని ఎవరూ బెదిరించరాదు. గొడ్డలి భీమయ్య వచ్చినప్పుడు నీకు పంపిస్తాము. షెడ్డు లేదు. కారు వీధిలోనే, కొమ్మల కిందే ఉంటుంది. కాసిన సంవత్సరం పైన పాత దుప్పటి కప్పాలని అర్చన చెప్పింది, కప్పేది శేఖర్. పొద్దున చెట్లకు నీళ్లు ఇక నుంచి అర్చన పోస్తుంది. నామం తీరికగా చదువుకోవచ్చునని నాకు కలిసి వచ్చింది.

అన్నయ్య మొక్కలు వీధిలో ఇంటికొకటి. కానుగ అయితే తొందరగా నీడ ఇస్తుందని, మొదటిది కృష్ణయ్య గేటు ముందర నాటాలని అనుకున్నాము. గుంత తవ్వేది శేఖర్, నీళ్లు పోసేది కృష్ణయ్య. పిలిచి అడిగితే ఆయన ఒప్పుకున్నాడు, తన కానుగ పెద్దదయ్యే దాకా జీపు మా నీడలో సగం పెట్టుకోనివ్వాలన్న షరతు మీద. అందరమూ సరే అన్నాము, శేఖర్ తప్ప. చీకటి పడ్డాక వాడూ సరే అన్నాడు, వెనక సగమే అని.

నీ అక్క,
అమృతమ్మ